పీఎం కిసాన్ డబ్బు పడలేదా? ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ఇవి చూసుకోండి

రైతులకి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ విడత విడుదలైన మర్నాడు ఊళ్లో వినిపించేది ఒకటే మాట: "మీకు పడిందా? మాకు పడలేదు." ఆ తర్వాత జరిగేదీ ఎప్పుడూ ఒకటే. పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి పోతే వాళ్లు వ్యవసాయ శాఖను అడగమంటారు. వ్యవసాయ సహాయకుడు తహసీల్దారు ఆఫీసుకి పంపిస్తాడు. అక్కడేమో పొలం కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయంటారు. ఇంత తిరిగి వచ్చినవాళ్లను "పోర్టల్‌లో స్టేటస్ చూసుకున్నారా?" అని అడిగితే నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు.

డబ్బు ఎక్కడ ఆగిందో చాలావరకు ఆ స్టేటస్ పేజీలోనే రాసి ఉంటుంది. అది చూడకుండా ఏ ఆఫీసుకి వెళ్లినా ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అందుకే మీ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది అన్నదాన్ని బట్టి ఇది రాస్తున్నాను. మీకు సంబంధించిన చోటికి నేరుగా వెళ్లిపోండి.

ముందు స్టేటస్ తీయండి

పీఎం కిసాన్ పోర్టల్‌లో 'ఫార్మర్స్ కార్నర్' కింద 'నో యువర్ స్టేటస్' అని ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. గుర్తు లేకపోతే అక్కడే ఉన్న లింకు నొక్కి మొబైల్ నంబరుతోనో ఆధార్‌తోనో తెచ్చుకోవచ్చు. ఓటీపీ కొట్టాక తెరుచుకునే పేజీలో మూడు వరుసలు చూడాలి: ల్యాండ్ సీడింగ్ (పొలం రికార్డుతో లంకె), ఈ-కేవైసీ (మీరే అని ఆధార్‌తో ధ్రువీకరణ), ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్ (ఆధార్‌కి బ్యాంకుతో లంకె). మూడింటికీ 'ఎస్' ఉండాలి. ఒక్కదానికి 'నో' ఉన్నా విడత ఆగుతుంది. ఆ కిందే ఏ విడత ఏమైందో ఉంటుంది. చాలాసార్లు బ్యాంకు పేరు, జమ అయిన తేదీ, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) కూడా కనిపిస్తాయి. ఈ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

తేదీల గురించి ఒక్క మాట. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో 2,000 చొప్పున: ఏప్రిల్-జూలై, ఆగస్టు-నవంబర్, డిసెంబర్-మార్చి. ఆ నాలుగు నెలల్లో ఫలానా రోజే వేస్తారని లేదు, గడువు దాటాక వేసిన సందర్భాలూ ఉన్నాయి. 20వ విడత 2025 ఆగస్టు 2న వచ్చింది, 21వది అదే ఏడాది నవంబర్ 19న. కాబట్టి జూలై దాటగానే టెన్షన్ పడక్కర్లేదు. అసలు విడుదలే కాని విడత కోసం బ్యాంకు మేనేజరుతో గొడవపడేవాళ్లను ప్రతి సీజన్‌లోనూ చూస్తాను.

ఈ-కేవైసీకి 'నో' ఉంటే

ఇది అన్నిటికంటే తేలిక. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు కలిసి ఉంటే పోర్టల్‌లోనే ఓటీపీతో అయిపోతుంది. లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతో చేస్తారు. పొలం పనితో వేలిగీతలు అరిగిపోయినవాళ్లు మిషను మీద పదిసార్లు వేలు రుద్దక్కర్లేదు. పీఎం కిసాన్ మొబైల్ యాప్‌లో ముఖం చూపించి కూడా చేయొచ్చు, ఫోన్ మీది కాకపోయినా ఫర్వాలేదు.

"నేను రేషన్ షాపులో ఈ-కేవైసీ చేయించానుగా" అనే మాట తరచూ వినిపిస్తుంది. అది రేషన్ కార్డుకి. బ్యాంకులో ఇచ్చిన కేవైసీ ఖాతాకి. దీనికి మళ్లీ విడిగా చేయాల్సిందే.

ల్యాండ్ సీడింగ్‌కి 'నో' ఉంటే

అంటే మీ పేరుకీ మీ పొలం రికార్డుకీ లంకె కుదరలేదు. దీనికి బ్యాంకుతో సంబంధం లేదు, అటు వెళ్లి రోజు పాడుచేసుకోవద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే ముందు మీభూమి పోర్టల్‌లో మీ 1బీ (పొలం ఖాతా వివరాల కాగితం) తీసి చూడండి. ఖాతాలో పేరు మీదేనా, ఆ ఖాతాకి ఎక్కించిన ఆధార్ మీదేనా అన్నవి రెండూ చూడాలి. పేరు సరిగ్గా ఉండి ఆధార్ మాత్రం అన్నదో, అదే పేరున్న ఇంకెవరిదో ఉన్న ఖాతాలు తక్కువేం కాదు. ఒకే ఇంటి పేరు, ఒకే తాత పేరు పెట్టుకున్న ఊళ్లలో ఇది మామూలే. దాన్ని సరిచేసేది రెవెన్యూ వాళ్లు. వీఆర్‌వోకి 1బీ, ఆధార్ జిరాక్సు, అర్జీ ఇవ్వండి. రెవెన్యూ రికార్డుల వెబ్‌ల్యాండ్‌లో దిద్దాక రైతు సేవా కేంద్రంలో చెప్పి పథకం జాబితాలో కూడా సరిచేయించుకోవాలి. మొదటి పని చేయించి రెండోది మర్చిపోతారు, మళ్లీ విడత పోయిందంటారు.

తెలంగాణలో పట్టాదారు పాస్‌బుక్కు, భూభారతి రికార్డు చూసుకుని ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి)ని కలవండి. పీఎం కిసాన్ వివరాలు సరిచూసేది మండల వ్యవసాయ అధికారి.

ఎక్కువగా తగిలే కేసు ఇంకొకటి ఉంది: తండ్రి చనిపోయాడు, పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని సాగు చేసుకుంటున్నారు. పథకానికి నోటిమాట పనికిరాదు. వారసత్వ మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకుని, ఎవరి ఆధార్‌తో వాళ్లు కొత్తగా నమోదు చేసుకోవాలి. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉన్నవాళ్లకే అన్న నిబంధన ఉంది కానీ, పట్టాదారు మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి అది అడ్డు కాదు. "ఇప్పుడు చేయించినా రాదట" అని ఎవరో అన్నారని ఊరుకోకండి. అలాగే చనిపోయినాయన పేరున ఇంకా డబ్బు పడుతుంటే సంతోషించి వాడుకోవద్దు, తర్వాత వెనక్కి కట్టమంటారు.

అన్నిటికీ 'ఎస్', డబ్బు జమ అయినట్టే ఉంది, పాస్‌బుక్‌లో మాత్రం లేదు

అసలు దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. మనుషుల్ని ఎక్కువగా తిప్పేది ఇదే, ఆఫీసుల్లో తక్కువమంది వివరంగా చెప్పేదీ ఇదే.

మొన్నామధ్య ఒక పెద్దాయన వచ్చాడు. పాస్‌బుక్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన రబ్బర్ బ్యాండు చుట్టి తెచ్చాడు.

"అబ్బాయ్, మూడు విడతలు నాకు పడలేదు. మా తమ్ముడికి పడుతున్నాయి. గట్టుకి ఇటు నాది, అటు వాడిది."

స్టేటస్ తీశాను. మూడింటికీ 'ఎస్'. మూడు విడతలూ జమ అయినట్టే ఉంది.

"పడ్డాయి బాబాయ్. ఈ బ్యాంకులో కాదు."

"నాకు ఇంకో బ్యాంకు ఎక్కడిది?"

"ఈమధ్య కొత్త సిమ్ము ఏమైనా తీసుకున్నారా?"

"ఆఁ, పాతది పోతే తీసుకున్నా. వేలిముద్ర వేయించుకుని ఇచ్చాడు."

"ఒక్కసారే వేశారా?"

కాసేపు ఆలోచించాడు. "మొదటిది పడలేదని ఇంకోసారి వేయమన్నాడు."

ఆ రెండో వేలిముద్రతో ఒక పేమెంట్స్ బ్యాంకులో ఆయన పేరున ఖాతా తెరుచుకుంది. మైక్రో ఏటీఎంలో ఆ బ్యాంకు పేరు ఎంచుకుని వేలు పెట్టిస్తే, బయటికొచ్చిన స్లిప్పు మీద 6,000 పైచిలుకు బ్యాలెన్సు ఉంది. పైచిలుకు ఏమిటంటే గ్యాస్ సబ్సిడీ.

ఇదెలా జరుగుతుందో తెలుసుకుంటే సగం సమస్య తీరినట్టే. దరఖాస్తులో మీరు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చారు కాబట్టి డబ్బు అందులోకే వస్తుందని అనుకుంటారు. 2019లో పథకం మొదలైనప్పుడు ఖాతా నంబరును బట్టే వేశారు, అందుకే ఆ నమ్మకం అలా ఉండిపోయింది. ఇప్పుడు డబ్బు ఆధార్ నంబరు పట్టుకుని వస్తుంది. ఏ ఆధార్‌కి ఏ బ్యాంకు అన్న పట్టిక చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది, దాన్నే మ్యాపర్ అంటారు. ఒక ఆధార్‌కి ఆ పట్టికలో ఒక సమయంలో ఒక్క బ్యాంకే ఉంటుంది. మీకు నాలుగు ఖాతాలుండి నాలుగింటికీ ఆధార్ ఇచ్చినా సరే, చివరగా ఏ బ్యాంకు మీ ఆధార్‌ని మ్యాపర్‌కి ఎక్కించిందో అదే నిలుస్తుంది, పాతది దానంతటదే తొలగిపోతుంది. మీరు గమనించకుండానే ఇది జరిగిపోవచ్చు.

చివరి బ్యాంకు ఎప్పుడు మారిందో మనకి గుర్తుండదు. డ్వాక్రా గ్రూపు కోసం ఆడవాళ్లు తెరిచిన ఖాతా కావచ్చు. పంట రుణం కోసం వేరే బ్యాంకులో సంతకాలు పెట్టినప్పుడు ఆ కట్టలో డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో వేయడం) అంగీకారం కాగితం కూడా ఉండొచ్చు. కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు "నాన్నా, ఫోన్‌లోనే బ్యాంకు" అని యాప్‌లో తెరిచిన ఖాతా కూడా కావచ్చు. ఆ యాప్‌లో ప్రభుత్వ సబ్సిడీలు ఇందులోకి రావాలా అన్న చోట టిక్కు ముందే పెట్టి ఉంటే, ఎవరూ చదవకుండా 'ఓకే' నొక్కేస్తారు. రీఛార్జి షాపుల సంగతి పైన చెప్పాను. ఇది కొత్త బెడద కూడా కాదు. 2017లో ఒక టెలికాం సంస్థ సిమ్ ధ్రువీకరణ పేరుతో ఖాతాలు తెరిచేసి, లక్షలమంది గ్యాస్ సబ్సిడీ వాళ్లకి తెలియని ఖాతాల్లోకి పోయినప్పుడు ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఈ-కేవైసీ లైసెన్సును కొన్నాళ్లు ఆపేసింది.

ఎలా కనిపెట్టాలి? మై ఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కండి. బ్యాంకు పేరు, యాక్టివా ఇన్‌యాక్టివా అన్నది, చివరగా మారిన తేదీ వస్తాయి. ఆ తేదీని వదిలేయకండి. మీకు డబ్బు ఆగిన విడతకి కాస్త ముందు తేదీ ఉందంటే దొంగ దొరికినట్టే. ఆధార్‌కి ఫోన్ లేనివాళ్లకి ఇంకో సులువైన దారి ఉంది: "మీ గ్యాస్ సబ్సిడీ ఎక్కడ పడుతోంది? ఉపాధి హామీ కూలి ఎక్కడ పడుతోంది?" అని అడగండి. అవీ ఎక్కువగా ఆధార్ దారినే వస్తాయి, ఉపాధి కూలికైతే 2024 జనవరి నుంచి ఇదే పద్ధతి తప్పనిసరి చేశారు. అవి ఎక్కడ పడుతుంటే ఇదీ చాలావరకు అక్కడే ఉంటుంది. "గ్యాస్ డబ్బులు కూడా ఈమధ్య రావట్లేదు" అన్నారంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

బ్యాంకు కౌంటర్లో ఒక చిక్కు ఉంది. మీరు వెళ్లి "నా ఆధార్ లింక్ అయిందా?" అని అడుగుతారు. గుమాస్తా తన స్క్రీన్ చూసి "అయ్యే ఉంది" అంటాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. మీ ఖాతా వివరాల్లో ఆధార్ ఉంది, అది కేవైసీ కోసం. మ్యాపర్‌లో ఆ బ్యాంకు ఉందా లేదా అన్నది వేరే సంగతి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న: "ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో నా ఆధార్ మీ బ్యాంకు మీద యాక్టివ్‌గా ఉందా?" ఇలా అడిగితే ఆయన వేరే స్క్రీన్ తెరవాల్సి వస్తుంది. తెరవకుండా జవాబిచ్చాడంటే ఇంకోసారి అడగండి, మొహమాటపడొద్దు.

ఇంకో మెలిక, దీన్ని చాలామంది పట్టుకోలేరు. మ్యాపర్‌లో ఉండేది బ్యాంకు గుర్తింపు మాత్రమే, మీ ఖాతా నంబరు ఉండదు. డబ్బు ఆ బ్యాంకుకి చేరాక, ఏ ఖాతాలో వేయాలన్నది బ్యాంకు సొంత రికార్డు చూసుకుంటుంది. అదే బ్యాంకులో మీకు రెండు ఖాతాలుంటే, మీరు చూస్తున్న పుస్తకంలో కాకుండా రెండోదాంట్లో పడొచ్చు. బ్యాంకుల విలీనాల తర్వాత ఇది పెరిగింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. రెండిట్లోనూ ఖాతాలున్నవాళ్లకి ఇప్పుడు ఒకే బ్యాంకులో రెండు ఖాతాలు. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఒకటయ్యాయి, అక్కడా ఇంతే. సీడింగ్ పేజీలో బ్యాంకు పేరు సరిగ్గా ఉండి డబ్బు కనిపించకపోతే, "నా కస్టమర్ ఐడీ కింద, నా ఆధార్ కింద ఎన్ని ఖాతాలున్నాయి?" అని అడిగి అన్నిటి బ్యాలెన్సులూ చూపించమనండి. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన జనధన్ ఖాతా బయటపడటం సర్వసాధారణం.

ఇప్పుడు పరిష్కారం. ముందు డబ్బు ఎక్కడుందో అక్కడి నుంచి తీసుకోండి. వేరే ఖాతాలో ఇప్పటికే పడ్డ విడతలు మీరు మ్యాపింగ్ మార్చినంత మాత్రాన ఇటు రావు. ఆ బ్యాంకు శాఖ మీ ఊరికి దగ్గర్లో లేకపోయినా, వేలిముద్రతో డబ్బిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర ఆ బ్యాంకు పేరు ఎంచుకుని బ్యాలెన్సు చూసుకోవచ్చు, తీసుకోవచ్చు. అక్కడ కూడా కళ్లు తెరుచుకుని ఉండండి. "సర్వర్ డౌన్, మళ్లీ వేలు పెట్టండి" అన్న ప్రతిసారీ స్లిప్పు అడగండి. మొదటిసారి నిజంగానే డబ్బు డ్రా అయిపోయి ఉండొచ్చు.

తర్వాత, మీకు నచ్చిన బ్యాంకు శాఖకి ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులతో వెళ్లి డీబీటీ కోసం ఆధార్ సీడింగ్ ఫారం అడగండి. ఈ ఫారంలో కీలకమైన గడి ఒకటి ఉంటుంది: ప్రస్తుతం నా ఆధార్ ఫలానా బ్యాంకుకి మ్యాప్ అయి ఉంది, దాన్ని మీ బ్యాంకుకి మార్చండి అని. అక్కడ పాత బ్యాంకు పేరు రాయాలి. కొత్తగా సీడింగ్ అన్నచోట టిక్కు పెట్టి ఇది ఖాళీగా వదిలేస్తే అభ్యర్థన తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, తిరిగొచ్చిందని మీకెవరూ చెప్పరు. అందుకే మై ఆధార్‌లో చూసిన బ్యాంకు పేరు కాగితం మీద రాసుకుని వెళ్లమంటాను. ఫారం ఇచ్చాక తేదీతో రసీదు తీసుకోండి. కొన్ని బ్యాంకులకి ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లోనే 'భారత్ ఆధార్ సీడింగ్ ఎనేబ్లర్' ద్వారా ఇంటి నుంచి మార్చుకునే వీలుంది. మీ బ్యాంకు ఆ జాబితాలో ఉంటే శాఖకి వెళ్లే పనే లేదు.

వారం ఆగి మళ్లీ సీడింగ్ స్టేటస్ చూడండి. బ్యాంకు పేరు మారి, తేదీ కొత్తది వచ్చి, 'యాక్టివ్' అని ఉంటే పని అయినట్టు. అప్పటిదాకా నమ్మొద్దు, కౌంటర్లో ఎవరేం చెప్పినా సరే. ఈ పనంతా విడత విడుదలకి నెల ముందే పెట్టుకోండి. రేపు విడుదలనగా ఇవాళ బ్యాంకు మారిస్తే డబ్బు పాత బ్యాంకుకే పోవచ్చు, మధ్యలో ఆగిపోనూవచ్చు.

అన్నట్టు, ఆ రెండో ఖాతా మీకు అందుబాటులో ఉండి, వాడుకోవడానికి ఇబ్బంది లేకపోతే మార్చక్కర్లేదు. డబ్బు అక్కడే తీసుకోండి. పాత పుస్తకంలోనే పడాలన్న పట్టింపుతో ఉన్న మ్యాపింగ్ కూడా చెడగొట్టుకున్నవాళ్లున్నారు.

'ఆధార్ బ్యాంక్ సీడింగ్'కి 'నో' లేదా ఇన్‌యాక్టివ్ ఉంటే

పైన చెప్పిన ఫారమే, కానీ ముందు ఖాతా బతికి ఉందో లేదో కనుక్కోండి. కేవైసీ కాలం తీరిపోయి లావాదేవీలు ఆపేశారా, ఖాతా మూసేశారా అన్నది చూడాలి. కేవైసీ ఇవ్వకుండా సీడింగ్ ఫారం ఒక్కటే ఇస్తే ఉపయోగం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పథకం అన్నదాత సుఖీభవ సమయంలో ఎన్‌పీసీఐ ఇన్‌యాక్టివ్‌గా ఉన్నవాళ్ల పేర్లు రైతు సేవా కేంద్రాల దగ్గర దొరికాయి. మీ పేరు ఉందేమో అక్కడ అడగొచ్చు.

కేంద్రం వాటా పడింది, రాష్ట్రం వాటా పడలేదు

ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కింద ఏడాదికి 20,000 అంటే అందులో కేంద్రం ఇచ్చే 6,000 కలిసే ఉంటుంది. 2025 ఆగస్టు 2న మొదటి విడతగా రాష్ట్రం 5,000, కేంద్రం 2,000 వేశాయి. ఇవి ఖాతాలో ఒకే మొత్తంగా కాకుండా రెండు జమలుగా వస్తాయి. "7,000 అన్నారు, 5,000 వచ్చింది" అంటే పీఎం కిసాన్ స్టేటస్ చూడండి. 2,000 మాత్రమే వచ్చిందంటే రైతు సేవా కేంద్రంలో అన్నదాత సుఖీభవ అర్హత అడగండి. ఏది రాలేదో తేల్చుకోకుండా "డబ్బు తక్కువొచ్చింది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. భూమి లేని కౌలు రైతులకి పీఎం కిసాన్ లేదు, ఎంత తిరిగినా రాదు. కౌలు కార్డుతో రాష్ట్ర పథకం గురించి మాత్రమే అడగండి.

తెలంగాణ రైతు భరోసా సంగతి వేరు

ఇది రాష్ట్రం ఎకరాకి సీజనుకి ఇచ్చే 6,000. దీనికి పైన చెప్పిన ఆధార్ మ్యాపర్ సూత్రం పెట్టి గందరగోళపడకండి. ఇది మీరు ఏఈవోకి ఇచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీని బట్టి వస్తుంది. కాబట్టి పీఎం కిసాన్ ఒక బ్యాంకులో, రైతు భరోసా ఇంకో బ్యాంకులో పడటం వింతేమీ కాదు, రెండు పుస్తకాలూ చూడండి. రాకపోతే మొదట అనుమానించాల్సింది పాత ఖాతా వివరాలనే: బ్యాంకు విలీనమై ఐఎఫ్‌ఎస్‌సీ మారింది, లేదా దీనికి ముందున్న రైతుబంధు కాలంలో ఇచ్చిన ఖాతా తర్వాత మూసేశారు. కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు, పట్టాదారు పాస్‌బుక్కు తీసుకెళ్లి ఏఈవో దగ్గర మార్పించుకోవాలి.

పక్కవాళ్లకి పడి మీకు పడకపోతే ముందు ఎకరాలు లెక్కపెట్టండి. తక్కువ విస్తీర్ణం ఉన్నవాళ్లతో మొదలుపెట్టి పైకి వెళ్తూ విడుదల చేస్తుంటారు. ఎకరం ఉన్నాయనకి సోమవారం పడిందని ఐదెకరాలాయన మంగళవారం కంప్లైంట్ పెడితే ఏం లాభం? సాగుకి పనికిరాని భూమి, ప్లాట్లుగా మారిన భూమి లెక్కలోంచి తీసేస్తారు, అక్కడ తేడా వస్తే ఏఈవోతోనే తేల్చుకోవాలి.

'ఎఫ్‌టీవో జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్' అని ఉంటే

ఏమీ చేయకండి. డబ్బు పంపే ఆర్డరు తయారైంది, బ్యాంకు నుంచి కబురు రావాలి, అంతే. 'ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్' అన్నా దారిలో ఉన్నట్టే. 'వెయిటింగ్ ఫర్ అప్రూవల్ బై స్టేట్' అని నెలలు గడిస్తే మాత్రం మండల వ్యవసాయ అధికారిని కలవాలి.

అరుదుగా వచ్చేవి

ఆదాయపు పన్ను కట్టినవాళ్లు అనర్హులు. రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. లోను కోసం ఎవరో మీ పేరున రిటర్న్ వేసి పన్ను కూడా కట్టి ఉంటే అది మీ మీదే పడుతుంది. నెలకి 10,000 అంతకంటే ఎక్కువ పెన్షన్ వచ్చేవాళ్లకి, ప్రభుత్వ ఉద్యోగులకి రాదు, నాలుగో తరగతి ఉద్యోగులకి మినహాయింపు ఉంది. భార్యాభర్తలిద్దరి పేరునా పొలం ఉన్నా ఆ కుటుంబానికి ఒక్కరికే, ఇద్దరూ తీసుకుంటున్నట్టు కనిపిస్తే ఆపేసి విచారణకి పెడతారు. పేరులో అక్షరం తేడా ఉంటే పోర్టల్‌లోనే ఆధార్ ప్రకారం దిద్దుకునే వీలుంది. దీనికోసం ఎవరికీ డబ్బులివ్వొద్దు.

వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మీ స్టేటస్ చూపించదు, మీ ఖాతా ఖాళీ చేస్తుంది. నొక్కకండి.

ఫిర్యాదు పెట్టాల్సి వస్తే

155261కి ఫోన్ చేయొచ్చు, పోర్టల్‌లో హెల్ప్‌డెస్క్ కింద రాయొచ్చు. "డబ్బు రాలేదు" అని ఒక్క ముక్క రాస్తే "మీ బ్యాంకును సంప్రదించండి" అనే జవాబే వస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరు, ఏ విడత, స్టేటస్‌లో ఆ రోజు కనిపించిన మాట ఉన్నదున్నట్టుగా, యూటీఆర్ ఉంటే ఆ నంబరు, మ్యాపర్‌లో ఉన్న బ్యాంకు పేరు రాయండి. యూటీఆర్ ఉంటే దాన్ని బ్యాంకుకి కూడా చూపించండి, ఆ జమ ఏ ఖాతాకి వెళ్లిందో వాళ్లు వెతకగలరు. సాంకేతిక కారణంతో ఆగిన విడతలు లోపం సరిచేశాక వస్తాయి, అర్హత లేక ఆగినవి మాత్రం రావు. పాతవి తర్వాతి విడతతో పాటే పడాలనేం లేదు, విడిగా కూడా పడొచ్చు. అందుకని ఆ నెలల్లో పాస్‌బుక్‌లో చివరి ఎంట్రీ ఒక్కటే కాకుండా మొత్తం పేజీ ప్రింట్ చేయించుకుని చూడండి.